గోటితో పోవు పని: కారు మరమ్మతులును, మన చేతులును

బియ్యములో రాళ్లున్న యెడల చేటలో పోసి చెరిగినంతనే మనకు తెలియును. పాలలో నీరు కలిసినదో లేదో కాచిన గిన్నెయే చెప్పును. రవికె గుడ్డలో జానెడు మిగుల్చుకొన్న దర్జీని కొలత తెలిసిన ఇల్లాలి కన్ను విడువదు. ఈ మూటియందును మనలను మోసగించుట కష్టము. ఏలయన ఆ పనులు మన చేతులకు తెలిసినవి. కాని ఇంటి తరువాత అంతటి ధనమును మ్రింగు కారు విషయమున మాత్రము మనలో పెక్కుమందిమి బానెట్టు మూత యెత్తి లోపలికి తొంగియైనను చూడము. షెడ్డువాడు చెప్పినదే వేదము. వ్రాసియిచ్చిన బిల్లే శాసనము.

నేడు కారు మగవారి వస్తువు మాత్రమే కాదు. పిల్లలను బడికి దించుటకు, అత్తమామలను ఆసుపత్రికి తీసికొనిపోవుటకు, ఉద్యోగమునకు పోయివచ్చుటకు స్త్రీలే నడుపు కార్లు ప్రతి పట్టణమునను కలవు. అట్టి కారునకు సరిగా చేయని మరమ్మతు ధననష్టముతో ఆగునది కాదు. సరిగా బిగింపని చక్రపు నట్టు, అరిగినను మార్చని బ్రేకు అట్ట, కారిపోవుచున్న ఆయిలు, ఇవి వెనుక సీటులో నిద్రించుచున్న బిడ్డ ప్రాణముతో చెలగాటమాడును. కావున ఈ నెల కారు మరమ్మతులలో జరుగు లోపములను గూర్చియు, మన చేతులతో మనము చేసికొనదగిన పనులను గూర్చియు ముచ్చటింతము.

మోసము ఎంత, చేతగానితనము ఎంత?

1941వ సంవత్సరమున అమెరికాలో రీడర్స్ డైజెస్టు అను మాసపత్రిక ఒక వింత పరీక్షను జరిపించెను. ఒక స్త్రీయు, ఒక పురుషుడును కారులో దేశమంతటను సంచరించి 48 రాష్ట్రములలో 347 షెడ్లకు పోయిరి. కారులో ఏ లోపమును లేదు. షెడ్డు చేరుటకు ముందు ఇంజనులోని కాయిలు తీగ నొకదానిని ఊడదీసి యుంచుటయే వారు చేసిన పని. మూత యెత్తి చూచినవానికి అది కంటబడును; తిరిగి తగిలించుటకు నిమిషము చాలును. ఆ 347లో 129 షెడ్లవారు వెంటనే గుర్తించి, తీగ తగిలించి, ఊరకయో స్వల్పమైన సొమ్మునకో పంపివేసిరి. తక్కిన 218 షెడ్లవారు, అనగా నూటికి 63 మంది, అవసరము లేని పనులు చేసియో, చేయని పనికి సొమ్ము గైకొనియో, బాగున్న వస్తువును మార్చియో బిల్లు పెంచిరి.

ఈ లెక్కను చదివి మెకానిక్కులందరును దొంగలని తలంపరాదు. మోసగించుటకు అవకాశము చేతికి వచ్చినను నూటికి 37 మంది నీతి తప్పలేదనుటయు ఆ లెక్కలోనిదే. ఇందు మనము గ్రహింపవలసినది వేరొకటి. ఆ లోపమును కనిపెట్టుటకు గొప్ప విద్య అక్కరలేదు, చూచుట చాలును. యజమాని తానే మూత యెత్తి చూచియున్నచో ఆ 218 షెడ్లలో ఒక్కరికిని బిల్లు వ్రాయు అవకాశమే యుండెడిది కాదు.

అట్టి కల్పిత బిల్లులకు కారణము దురాశ యొక్కటియే కాదు. పెద్ద షెడ్లలో మనతో మాటలాడి జాబ్ కార్డు వ్రాయువాడు సాధారణముగా పానా పట్టువాడు కాడు. పెక్కుచోట్ల అతనికి అమ్మకమును బట్టి బహుమానము ముట్టును. ఇంజను కడుగుట, లోపలి గాలిగొట్టములను శుద్ధిచేయుట, రంగుపై పూత పూయుట వంటివి మనము అడుగకయే కార్డునకు ఎక్కుటకు తరచుగా హేతువు అదియే. లోపల పని చేయువానికి ఒక దినములో ఇన్ని కార్లు ముగింపవలెనను తొందర. తొందరలో వాషరు మరచును, మరలు సగమే బిగించును. మూడవ కారణము మనలోనే కలదు. వస్తువు ధర ఎంత చెప్పినను ఇచ్చెదము గాని చేతిపనికి కూలి యడిగినచో గీచి గీచి బేరమాడెదము. అరగంట శ్రమించి లోపము కనుగొని, వస్తువు మార్చక బాగుచేసిన నేర్పరికి కూలి ఇయ్యక, పది వస్తువులు మార్చినవానికి సంతోషముగా సొమ్మిచ్చు లోకములో వస్తువులు మార్చువారే పెరుగుదురు.

ముగ్గు చెప్పిన సంగతి

మా వీధిలోని యొక సోదరి యింట జరిగినది చెప్పెదను. కారునకు సర్వీసింగు చేయించి తెచ్చిన మూడవనాడు ఉదయమున ఆమె వాకిట ముగ్గు వేయబోగా, కారు నిలిచిన చోట నల్లని చుక్కలు కనబడెను. తుడిచినది. మరునాడు మరల చుక్కలు. ఇంటిలోనివారు "పాత కారు, ఆ మాత్రము కారకుండునా" అనిరి. ఆమె ఊరకుండక తెల్లని అట్ట నొకదానిని రాత్రి కారు క్రింద పరచెను. ఉదయమునకు ఇంజను క్రిందుగా రూపాయి బిళ్లంత మచ్చ ఏర్పడెను. ఆయిలు కొలుచు పుల్లను తీసి చూడగా ఆయిలు క్రింది గీతకంటె దిగువకు పోయియుండెను. కారు నడుపకుండ షెడ్డునకు కబురంపి మనిషిని రప్పించినది. ఆయిలు దించు మరకు వేయవలసిన క్రొత్త వాషరు వేయక పాతదానినే బిగించిరని తేలెను. ఆ వాషరు వెల కొలది రూపాయలు. ఆయిలు పూర్తిగా తరిగిన పిమ్మట ఇంజను నడిచినచో లోపలి ఇనుము ఇనుమును రాచి పట్టివేయును. షెడ్లలో దీనినే ఇంజను సీజగుట యందురు. అప్పుడు అగు వ్యయము వేలతో ముగియదు.

ఆ సోదరి యే యంత్రశాస్త్రమును చదువలేదు. చుక్కను చూచి ఇది యెక్కడిదని ప్రశ్నించినది, అంతియే. కారు క్రింది మచ్చలను మీరును చదువనేర్వవలయును. ఎండకాలమున ఏ.సీ. వేసి వచ్చిన తరువాత కారుచు, రంగును వాసనయు లేని నీరు లోపలి చల్లదనమునకు పేరిన తేమ. దానికి భయపడ నక్కరలేదు. గోధుమవర్ణమో నలుపో కలిగి జిడ్డుగా నుండునది ఇంజను ఆయిలు. ఆకుపచ్చగనో గులాబివన్నెగనో యుండి, తీయని వాసన వేయునది ఇంజనును చల్లబరచు కూలెంటు. ఇది విషము, పిల్లలను, పెంపుడు జంతువులను దాని దరికి రానీయరాదు. చక్రము లోపలివైపున తడి కనబడినచో అది బ్రేకు ఆయిలు కావచ్చును. అప్పుడు కారును కదపక, మెకానిక్కునే ఇంటికి పిలువవలయును.

ఇది స్త్రీల పనియేనా?

చేతికి గ్రీజు అంటు పని స్త్రీకి తగదని యెవరైన అన్నచో వారికి కారు చరిత్రనే చెప్పుడు. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశమందలి బెర్తా బెంజ్ అను వనిత, తన భర్త నిర్మించిన మోటారు బండి నెక్కి, కుమారు లిరువురను వెంటబెట్టుకొని, భర్తకు చెప్పకయే మ్యాన్‌హైము నుండి ఫోర్ట్‌స్‌హైము వరకు నూరు కిలోమీటర్లకు పైగా నడిపెను. మోటారు బండిపై అంతదూరము పోవుట లోకమున అదియే మొదలు. త్రోవలో మెకానిక్కు లేడు. అసలా వృత్తియే ఇంకను పుట్టలేదు. ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీ పిన్నుతో పొడిచి శుభ్రపరచెను. తీగ యొరసికొనగా మేజోడు పట్టీని చుట్టెను. బ్రేకు చెక్కలు అరుగగా చెప్పులు కుట్టువానిచేత తోలు కొట్టించెను. బ్రేకునకు తోలు అతుకు వేయవచ్చునన్న ఆలోచన ఆ దారిలో పుట్టినదే. 1909లో ఆంగ్లవనిత డొరొతీ లెవిట్ స్త్రీల కొరకే కారును గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. వెనుక వచ్చు బండ్లను చూచుటకై చేతి అద్దమును దగ్గర నుంచుకొనుడని ఆమె అందు సలహా యిచ్చెను. 1945లో, తరువాత రాణియైన ఎలిజబెత్ బ్రిటిష్ సైన్యపు స్త్రీల దళమున చేరి లారీ నడుపుటయు, ఇంజను పనియు నేర్చుకొనెను. కావున బానెట్టు మూత యెత్తుట మనకు క్రొత్త సాహసము కాదు.

మొదట చదువవలసిన పుస్తకము

కారుతో పాటు ఇచ్చు యజమాని పుస్తకము చాలమంది యిండ్లలో డాష్‌బోర్డు అరలో ముడత విప్పని వస్త్రమువలె పడియుండును. ఏ ఆయిలు వేయవలయును, ఎన్ని కిలోమీటర్లకు లేక ఎన్ని మాసములకు మార్చవలయును, టైరులో ఎంత గాలి యుండవలయును, చక్రపు నట్టు ఎంత బలముతో బిగింపవలయును, ఇవన్నియు అందు కలవు. షెడ్డులో "ఇది వెంటనే మార్చవలయును" అని చెప్పినప్పుడు ఆ పుస్తకమున వ్రాసిన కాలము వచ్చినదా యని చూచినచో సగము వాదములు అక్కడనే ముగియును. ఒక చిన్న నోటు పుస్తకమున తేదీ, కారు తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని, ఇచ్చిన సొమ్ము వ్రాసియుంచుడు. పాలవాని లెక్కను క్యాలెండరుపై వ్రాయు మనకు ఇది భారము కాదు.

మన చేతులతో చేయదగిన పనులు

ముందుగా జాగ్రత్తలు. బానెట్టు క్రింద చేయిపెట్టునప్పుడు గాజులు, ఉంగరములు తీసివేయవలయును. బంగారమునందు విద్యుత్తు మిక్కిలి సులభముగా ప్రవహించును. బ్యాటరీ యొద్ద ఉంగరము రెండు కొసలను కలిపినచో క్షణములో ఎర్రగా కాగి వ్రేలిని కాల్చును. పైటకొంగు దోపుకొనవలయును, జడ ముడివేసికొనవలయును. ఇంజను ముందరి పంకా ఇంజను ఆగిన పిమ్మటకూడ తనంత తానే తిరుగవచ్చును. ఇంజను వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూతను ఎన్నడును విప్పరాదు. కారణము మన ప్రెషరు కుక్కరే చెప్పును. లోపల ఒత్తిడి యుండుటచే నీరు నూరు డిగ్రీలు దాటినను మరుగక నిలిచియుండును. మూత విప్పినంతనే ఒక్కసారి పొంగి ముఖముపైకి చిమ్మును.

టైరులలో గాలి: డ్రైవరు తలుపు ప్రక్క స్తంభముపై చీటి అంటించియుండును, ఎంత గాలి యుండవలెనో అందు చూడుడు. నెలకొకసారి, కారు బయలుదేరక మునుపు, టైరు చల్లగా నున్నప్పుడు కొలువవలయును. గాలి కొలుచు చిన్న గేజి యొకటి ఇంట నుంచుకొనుట మేలు. స్టెప్నీని మరువకుడు. వేసవిలో టైరు పగులకుండ గాలి తగ్గించి కొట్టించవలెనని మనవైపున ఒక నమ్మకము కలదు. రెంటచింతల, రామగుండము వంటి ఊళ్ల ఎండలను చూచినవారికి ఇది సబబుగనే తోచును. కాని నిజము దీనికి విరుద్ధము. గాలి తక్కువైన టైరు ప్రక్కలు మాటిమాటికి వంగి, ఆ వంపునకే వేడెక్కి, పెద్దరోడ్డుపై వేగముగా పోవునప్పుడు పగులును. చీటీలో వ్రాసిన కొలతయే వేసవికిని కొలత. నత్రజని నింపెదమని యెక్కువ సొమ్ము అడిగినచో, మనము పీల్చు గాలిలోనే నూటికి 78 పాళ్లు నత్రజని యని జ్ఞాపకము చేసికొనుడు.

టైరు అరుగుదల: టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న అడ్డుగట్లుండును. వాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ గట్లతో సమమైనచో మార్చుటకు కాలము వచ్చినది. అంతకు మునుపే మార్చుడని తొందరపెట్టువానికి ఈ గట్లను చూపి కారణమడుగుడు. టైరు ఒక ప్రక్కనే అరిగినచో చక్రముల వరుస తప్పినదని గ్రహింపుడు.

ఇంజను ఆయిలు: కారును సమముగా నున్న నేలపై నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు కొలపుల్లను తీసి, గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దించి తీయుడు. రెండు గీతల నడుమ ఆయిలు తడి యుండవలయును. మొదటిసారి తీసినప్పుడు కనబడునది నమ్మదగినది కాదు. తుడిచిన తరువాతి కొలతయే నిజము.

గాలి ఫిల్టరులు: ఇంజను పీల్చు గాలిని వడకట్టునది యొకటి, మనము పీల్చు ఏ.సీ. గాలిని వడకట్టునది వేరొకటి. అనేకములైన కార్లలో రెండవది డాష్‌బోర్డు అర వెనుక నుండును. అరను వంచి, మూత తీసి, పాతదానిని లాగి, బాణపుగుర్తు చూచి క్రొత్తదానిని దూర్చుట పది నిమిషముల పని. పానాయైనను పెక్కింటికి అక్కరలేదు. పిండి జల్లెడ దులుపునంతటి పనికి షెడ్డులో కూలి వేరుగా కట్టుదురు. దుమ్ముతో పూడిన ఫిల్టరు వలన ఏ.సీ. చల్లదనము తగ్గును, అట్టివేళ గ్యాసు నింపవలెనని చెప్పువారును కలరు. ముందు ఫిల్టరు చూడుడు.

బ్యాటరీ కొసలు: వానిపై తెల్లగనో పచ్చగనో బూజువలె పేరుకొనినది కారు స్టార్టు కాకుండుటకు ఒక కారణము. చేతికి తొడుగులు వేసికొని, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో పాత బ్రష్షు పెట్టి తోమి, తుడిచి, కొంచెము వాజెలిన్ పూయుడు. తీగ విప్పునప్పుడు ముందుగా ఋణపు కొస, బిగించునప్పుడు దానిని చిట్టచివర. ధనపు కొసను విప్పునప్పుడు పానా కారు ఇనుమునకు తగిలినచో నిప్పు లెగయును. ఋణపు కొసను ముందే విప్పియుంచినచో ఆ భయ ముండదు. కొన్ని కార్లలో బ్యాటరీ విప్పినచో గడియారము, రేడియో మరల సరిచేసికొనవలసి యుండును.

చక్రము మార్చుట: రాత్రివేళ నిర్జనమైన రోడ్డుపై నేర్చుకొనుటకంటె ఆదివారము ఇంటి ముంగిట నేర్చుకొనుట మేలు. చేతి బ్రేకు వేసి, ఎదుటి మూలనున్న చక్రమునకు రాయి ఒడ్డి, చక్రము నేలపై నున్నప్పుడే నట్లను ఒక్కొక్క చుట్టు వదలించి, ఆ తరువాతనే జాకీ ఎత్తవలయును. బిగించునప్పుడు వరుసగా కాక, ఒకదాని తరువాత దాని కెదురుదానిని బిగించుచు పోవలయును. ఏబది, నూరు కిలోమీటర్లు పోయిన పిమ్మట మరల ఒకసారి బిగింపు చూడుడు. పంచరు దుకాణములలో గాలి యంత్రముతో నట్లను అతిగా బిగింతురు. అది బలమని తలంపరాదు. అవసరమైనప్పుడు అవి మన పానాకు కదలవు. ఎంత బలముతో బిగించితిమో చూపు టార్కు రెంచితో బిగింపుడని అడుగుడు. జాకీపై నిలిచిన కారు క్రిందికి ఎంతమాత్రమును దూరరాదు. ఆ చిన్న జాకీ చక్రము మార్చుటకే గాని క్రింద పండుకొని పని చేయుటకు కాదు.

ఇవి కాక వైపరు రబ్బరులు, అద్దము కడుగు నీరు, ఫ్యూజులు మొదలగునవి పుస్తకము చూచి మార్చుకొనదగినవి. కొందరికి డాష్‌బోర్డుపై పసుపుపచ్చ ఇంజను దీపము వెలిగినంతనే గుండె జారును. స్టీరింగు క్రింద ఓ.బి.డి. అను రంధ్ర మొకటి యుండును. దానిలో పెట్టి ఫోనులో చదువుకొను చిన్న పరికరములు విపణిలో దొరకును. అది చూపు సంకేతము ఏ భాగము మొరపెట్టుచున్నదో చెప్పును గాని ఏ వస్తువు చెడినదో చెప్పదు. జ్వరమాపకము జ్వర మున్నదని చెప్పును, అది మలేరియాయో టైఫాయిడో చెప్పదుగదా! సంకేతమును బట్టియే వెలగల వస్తువును మార్చబూను మెకానిక్కును "పరీక్షించి చూచితివా, నాయనా?" అని యడుగుడు.

మన చేతులు పెట్టరాని పనులు

గోటితో పోవుదానికి గొడ్డలి యేల అన్న సామెత యెంత నిజమో, గొడ్డలి పనికి గోరు చాలదనుటయు అంతే నిజము. బ్రేకుల లోపలి పని, స్టీరింగు, ప్రమాదమున ఉబ్బి కాపాడు గాలిసంచులు, ఏ.సీ. గ్యాసు, వీనిని నేర్పరులకే విడువుడు. గాలిసంచి తప్పుచేయి పడినచో మనపైననే ప్రేలును. విద్యుత్తు కార్లలోను, హైబ్రిడు కార్లలోను నారింజవన్నె తొడుగు గల తీగలు ప్రాణాంతకమైన విద్యుత్తును మోయును. వానిని తాకనే తాకరాదు. అయితే టైరులు, వైపరులు, ఏ.సీ. ఫిల్టరు అట్టి కార్లలోను మన చేతి పనులే. వారంటీ కాలమున పుస్తకములో చెప్పిన సర్వీసింగులను వేళకు చేయించి బిల్లులు దాచుకొనుట మరువరాదు.

పనిని మనమే చేసికొనుట కూలి మిగులుటకు మాత్రమే కాదు. చిన్న పనులు చేసిన చేతికి పెద్ద పనులను గూర్చి ప్రశ్నించు ధైర్యము కలుగును. వంట వచ్చినవారే వంటమనిషిని పెట్టుకొన్నప్పుడు పప్పు మాడినదో లేదో చెప్పగలరు.

షెడ్డులో ఎట్లు మాటలాడవలయును?

మీరు రోగలక్షణమునే చెప్పుడు, రోగమును చెప్పకుడు. "బ్రేకు అట్టలు మార్చుడు" అన్నచో మార్చి బిల్లు వేయుదురు. శబ్దము తగ్గినను తగ్గకున్నను బాధ్యత మీదే యగును. "ఉదయమున మొదటి రెండు కిలోమీటర్లు, ఎడమవైపున, బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే కీచుమనుచున్నది" అని చెప్పినచో కారణము వెదకుట వారి పని యగును. కీచుమన్న శబ్దమును ఫోనులో పట్టి వినిపించుట ఇంకను మంచిది.

చేయవలసిన పని, అంచనా వ్యయము జాబ్ కార్డుపై వ్రాయించి నకలు తీసికొనుడు. మిమ్ములను అడుగక అదనపు పని చేయరాదని అందే వ్రాయింపుడు. మార్చిన పాత వస్తువులను తిరిగి ఇమ్మని ముందే చెప్పుడు. ఫిల్టరు మార్చవలసి యున్నచో పాతదానిపై గోళ్లరంగుతో ఒక చుక్క పెట్టి పంపుడు. చుక్క తిరిగి వచ్చినచో సంగతి మీకే తెలియును. బిల్లులో వస్తువుల వెల, కూలి వేరువేరుగా నుండవలయును. అడుగనిదే అమ్మయైనను పెట్టదు, అడుగుటకు సంకోచింపకుడు. కారు తీసికొనునప్పుడు వెలుతురుండగా పోయి, ఆయిలు కొలిచి, టైరులు చూచి, ఒక చుట్టు నడిపి, తరువాతనే సొమ్మిండు.

మంచి మెకానిక్కు దొరికినచో అతనిని విడువకుడు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల శబ్దము వినియే జబ్బు చెప్పగల నేర్పరులు కలరు. "ఇది మార్చ నక్కరలేదమ్మా" అని యొకసారి చెప్పినవాడు మీ సొమ్ము కాచినవాడు. అతని కూలి వద్ద బేరమాడకుడు.

అన్యాయము జరిగినచో

బాగుచేసెదమని సొమ్ము తీసికొని సరిగా చేయకుండుట చట్టము దృష్టిలో సేవాలోపము. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము జిల్లా కమిషనులో రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవచ్చును. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. అంతకు ముందు 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. వీనికన్నింటికిని కావలసినవి జాబ్ కార్డు, బిల్లు, ఫొటోలు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె కాగితములను మొదటినుండియు పట్టుకొనుట మేలు.

ఇంకొక సంగతి. కార్లు చేయు పెద్ద సంస్థలు అసలైన విడిభాగములను, మరమ్మతు పుస్తకములను బయటి షెడ్లకు అందనీయక తమ షెడ్లకే మనలను కట్టివేయుచున్నవని 2014 ఆగస్టులో భారత పోటీ కమిషను తీర్పుచెప్పి, 14 సంస్థలకు మొత్తము 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించెను. సంస్థలు దానిపై పై న్యాయస్థానముల కెక్కెను. జరిమానా మాట యెట్లున్నను, తన వస్తువును తనకు నచ్చిన చోట బాగుచేయించుకొను హక్కు కొన్నవారి దన్న మాట దేశమున గట్టిగా వినబడినది. మరమ్మతు హక్కు పేరిట కేంద్రప్రభుత్వము 2022 డిసెంబరులో ఒక పోర్టలును కూడ ఏర్పరచెను. అయితే ఇంజను మూతను ఎన్నడు నెత్తనివారికి ఆ హక్కు కాగితముపై ఉండి యేమి ప్రయోజనము?

సోదరీమణులారా! పై పనులన్నిటిని ఒక్క దినమున నేర్వవలెనని నేననను. ఈ నెల టైరులలో గాలి కొలువుడు. వచ్చు నెల ఆయిలు పుల్ల తీయుడు. ఆపై నెల కొమార్తెను ప్రక్కన నిలుపుకొని స్టెప్నీ మార్చుడు. కొమారుడున్నచో వానిని కూడ పిలువుడు. పండుగకు ఇల్లు దులుపు మనము సంవత్సరమున నాలుగుమార్లు కారు మూత యెత్తిన దోష మేమి? మొదట వ్రేళ్లకు మసి యంటును, సబ్బుతో పోవును. ఆ పిమ్మట షెడ్డువాడు "ఈ వస్తువు పోయినదమ్మా" అన్నప్పుడు "ఏది, చూపుము" అను మాట మీ నోట తడబడకుండ వచ్చును. ఆ మాట వినిన నిజాయితీపరుడు సంతోషముగా చూపును. తక్కినవాడు బిల్లును మరల వ్రాయును.